మాస్టారు గీసుకున్న ఇల్లు

గురువారం పొద్దున్న మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నగారు పోయారండీ. తెల్లారి లేపితే లేవలేదు. బ్లాగు చదివేవాళ్ళకి మీరే చెప్పాలండీ, నాకెవరూ తెలీదు," అంది. సాయంత్రం బ్లాగులో రెండు వాక్యాల్లో మీకు కబురు పెట్టాను. మీరంతా ఎంతో ప్రేమగా జవాబులు రాశారు. 'తనకిష్టమైన ఆ మట్టి ఇంట్లోనే కన్ను మూశారు, అదృష్టవంతులు' అని ఒకరు రాస్తే చాలామంది అవునన్నారు. అది చదివాక ఊరుకోలేకపోయాను.

మాస్టారు ఏలూరులో ఒక మిషన్ బడిలో డ్రాయింగ్ చెప్పి, రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో ఉండేవారు. ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి టపా పెట్టేవారు. ఒక పాట, ఒక పుస్తకం, ఒక బొమ్మ, చివర్లో ఇల్లు. నేను ఆకివీడులో కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. సోమవారం మధ్యాహ్నం అన్నం తిని, ఆ టపా చదివాకే మళ్ళీ పని ముట్టుకునేదాన్ని.

'రెండో చరణం ముందు పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినండి' అని ఆయన రాస్తే, చిన్నప్పట్నుంచీ రేడియోలో వింటున్న పాట అప్పుడే కొత్తగా విన్నట్టుండేది. బొమ్మలో ముందు నీడలు చూడమనేవారు. 'వస్తువుని ఎవరైనా గీస్తారండీ, నీడ గియ్యాలంటే అక్కడ కాసేపు నిలబడాలి' అనేవారు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చెప్పేవారు కాదు. చదవడం ఆపి ఎక్కడ కిటికీలోంచి బయటికి చూశారో అక్కణ్ణుంచి మొదలుపెట్టేవారు. నాకు పాట వినడం, బొమ్మ చూడడం నేర్పింది ఆయనే. ఇది ముందే చెప్పాలి. తర్వాత చెప్పే మాటల్లో ఇది మునిగిపోకూడదు.

ఇక ఇల్లు. ఊరి చివర తను కట్టుకున్న ఇల్లంటూ వారం వారం రాసేవారు. ఎర్రమట్టి గోడలు, సున్నం పూత, నాటు పెంకులు, కిటికీ కింద అరుగు. కెమెరా లేదని పెన్సిల్‌తో గీసి స్కాన్ చేసేవారు. సిమెంటు ఇల్లు ఎండని దాచుకుని రాత్రి మన మీద పోస్తుందనీ, మట్టి ఇల్లు మనతో పాటు ఊపిరి తీసుకుంటుందనీ రాసేవారు.

ఉండి దగ్గర మా అత్తగారి ఊళ్ళో మాకు స్థలం ఉంది. అలాంటి ఇల్లే కట్టుకుందామని నేను పట్టుబట్టాను. మా ఆయనకి అనుమానం. "ఇది నల్లరేగడి, వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చే నేల. పక్కన చేపల చెరువు. ఒకసారి ఆయన్నే అడుగు," అన్నారు. ఫోన్ చేశాను.

"మీ ఇంటి గోడలకి వానాకాలం తడి ఎక్కుతుందా మాస్టారూ?"

"లేదండీ. ఇన్నేళ్ళలో ఒక్క బీట కూడా లేదండీ. ధైర్యంగా కట్టుకోండి."

ఆ మాట మీదే కట్టాం. నల్లజర్ల నుంచి లారీల్లో ఎర్రమట్టి తెప్పించాం. ఊళ్ళో అందరూ స్లాబులు వేసుకుంటుంటే మనమేంటి మట్టిలోకి అని అత్తయ్యగారు గొణిగినా, మొదటి ఎండాకాలం గడిచేసరికి పక్కింటివాళ్ళని పిలిచి మరీ గోడలు ముట్టుకోమనేవారు. ఆ ఏడు వానలకి చెరువు పొంగింది. నీళ్ళు పునాది చుట్టూ నిలిచిపోయాయి. ఒక మధ్యాహ్నం ఉత్తరపు గోడ లోపలికి కూలి అత్తయ్యగారి మంచం మీద పడింది. ఆరేసిన బట్టలు తేవడానికి ఆవిడ అప్పుడే లేచి వసారాలోకి వచ్చారు. చేతిలో బట్టలతో అలాగే నిలబడిపోయారు.

తర్వాత చింతలపూడిలో మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళిపోయారు. "నీ మీద కోపం కాదమ్మా. అక్కడ నిద్ర పట్టదు, అంతే," అన్నారు. మళ్ళీ మా ఇంట్లో పడుకోలేదు.

మిగిలిన గోడల్ని ఎలా కాపాడుకోవాలో అడుగుదామని, మాస్టారి ఇల్లు చూసి వద్దామని గూడెం వెళ్ళాను. ఎప్పుడో నేను పుస్తకం పంపినప్పుడు ఆయన ఇచ్చిన చిరునామా అది. రైసుమిల్లు వెనక, మేడ మీద అద్దె వాటా. స్లాబు కింద ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. ఆయన భార్య మంచినీళ్ళిచ్చారు. మట్టి ఇల్లు ఇక్కడికి దూరమా అని అడిగాను.

"మట్టి ఇల్లా? మాకెక్కడిదండీ? పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళే కదండీ," అన్నారావిడ.

అప్పుడే బయటి నుంచి వచ్చిన మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, "స్థలం కొందామనుకున్నామండీ. కుదర్లేదు. కాగితం మీద కట్టుకున్నాను. మొదటిసారి 'మా ఇల్లు' అని రాస్తే ఒకాయన నిజమనుకున్నారు. కాదని చెప్పడానికి నోరు రాలేదండీ," అన్నారు.

"నేను ఫోన్ చేసి అడిగానండీ. ఒక్క బీట కూడా లేదన్నారు."

"బొమ్మలో లేదండీ."

వేళాకోళానికి అనలేదు. ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. గోడ ఎవరి మంచం మీద పడిందో చెప్పాను. ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "వచ్చే ఆదివారం అందరికీ రాసేస్తానండీ," అని మాటిచ్చారు.

ఆ ఆదివారం పాట వచ్చింది, పుస్తకం వచ్చింది, బొమ్మ వచ్చింది. ఇల్లు లేదు, నిజమూ లేదు. ఇంటి కబుర్లేవని మీరు అడిగారు, ఆయన పలకలేదు. ఆయన నోటితోనే రావాలని నేనూ ఎదురుచూశాను. అబద్ధం కన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువ కోసింది.

ఎండల్లో ఒకరోజు చెప్పకుండా మా ఇంటికొచ్చారు. కూలిన గోడని ఇటుకలతో మళ్ళీ కట్టుకున్నాం. మిగతా మూడూ మట్టివే. ఆయన ఒక గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"ఇంత చల్లగా ఉంటుందనుకోలేదండీ," అన్నారు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "మరి రాయలేదేమండీ?" అన్నాను.

"అంతమంది రోజూ ఆ ఇంటికి వస్తున్నారండీ. తలుపెయ్యలేకపోతున్నాను."

"కూలింది మా ఇల్లు మాస్టారూ."

తలూపారు. కాఫీ తాగి, మా ఆయనకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. తర్వాత కూడా రాయలేదు. ఇప్పుడిక రాయరు.

అందుకే నేను రాస్తున్నాను. ఆ ఇల్లు లేదు. మీలో ఎవరైనా ఆ బొమ్మలు చూసి పునాది తవ్వుతుంటే ఆగండి. ముందు మీ నేల గురించీ నీళ్ళ గురించీ తెలిసినవాళ్ళని అడగండి. నా కోపం పోలేదు. ఆయన లేని ఆదివారం ఎలా గడుస్తుందో కూడా తెలీదు. ఈ రెండూ నిజమే.

శుక్రవారం సమాధుల తోట నుంచి తిరిగొస్తూ భీమవరం బస్సెక్కాను. దారిలో ఒక చెరువు పక్కన బస్సు ఆగింది. గట్టు మీద కాపలా పాక. ఒకావిడ చీర పైకి దోపుకుని, పాక గోడకి తడిమట్టి మెత్తుతోంది. కాస్త మెత్తి, వెనక్కి జరిగి చూసుకుని, మళ్ళీ దగ్గరికెళ్ళి అరచేత్తో నిమురుతోంది. చినుకులు మొదలయ్యాయి. ఆవిడ తలెత్తి ఆకాశం కేసి చూసి, ఇంకో ముద్ద తీసుకుంది.