రాజుగారు విడిసిన చోటు

జీవరాజు డిగ్రీ చదవలేదు. పదో తరగతి పాసై, రాజమండ్రిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో శాసనాలకు నకళ్లు తీసే పనిలో చేరాడు. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, ఆరేటప్పుడు నల్లసిరా అద్దితే అక్షరాలు తెల్లగా బయటపడతాయి. ముప్పయ్యొక్క ఏళ్లు అదే పని. చేతులకి సిరా అంటినట్టే పాత లిపి కూడా మెల్లగా అంటుకుంది. ఆయన చదివి చెప్పినవి ఆఫీసర్ల పేర్లతో అచ్చయ్యాయి. భార్య సంపూర్ణమ్మ ఆ మాటెత్తితే విసుక్కునేవాడు గానీ, కాదనేవాడు కాదు.

రిటైరయ్యాక ఇద్దరూ సొంత ఊరు రాచలంక వచ్చేశారు. లూథరన్ చర్చి వెనకాల పేటలో ఇల్లు. ఆయన తండ్రీ తాతా ఆ ఊళ్లోనే కూలికి వెళ్లినవాళ్లు.

రెండేళ్ల కిందట రాచలంకకీ పక్క ఊరు కోటిపూడికీ సరిహద్దులో రొయ్యల చెరువు తవ్వుతుంటే, పొక్లెయిన్ పళ్లకి నిలువెత్తు రాయి తగిలింది. దాని మీద పాత అక్షరాలు. పొద్దుగూకేలోపు వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోయాయి. పూర్వం రాజధాని తమ ఊరేనని రాచలంకలో రైసుమిల్లు ఓనరు శివరామకృష్ణ ప్రకటించాడు. కోటిపూడి గణేష్‌బాబు భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు, ఊళ్లో యువజన సంఘానికి అధ్యక్షుడు. ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. రాజధాని తమ ఊరు, రాజు తమ కులంవాడు అన్నాడు. మర్నాడు రాయి ఎక్కించడానికి ఊరికొకటి చొప్పున రెండు ట్రాక్టర్లు వచ్చాయి. కర్రలు లేచాయి. చివరికి తహసీల్దారు రాయిని తన ఆఫీసు వరండాలో పెట్టించి, చదవమని జీవరాజుకి కబురు చేశాడు.

జీవరాజుకి పెళ్లికి పిలిచినంత సంతోషమైంది. అటకమీంచి పాత బ్రష్షు దింపాడు. నకలు తీసి, కళ్లజోడు మార్చి మార్చి మూడు రోజులు చదివాడు.

నాలుగో రోజు తహసీల్దారు ఆఫీసులో మీటింగు. రెండు ఊళ్లవాళ్లతో హాలు నిండిపోయింది.

"జీవరాజు గారూ, ఇలా రండి. ముందు కూర్చోండి," అని శివరామకృష్ణ స్వయంగా కుర్చీ లాగాడు. ఆయన ముందు జీవరాజు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

జీవరాజు నకలు విప్పాడు. "ఒక రాజుగారు సైన్యంతో వెళ్తా వరదొస్తే ఇక్కడ ఆగేరండి. 'విడిసి' అని రాసి ఉంది. విడిది చేశారని అర్థం. కుందయ అనే పడవవాడు సైన్యాన్ని ఏరు దాటించేడు. అందుకని అతనికి రెండు పుట్ల నేల ఇచ్చేరండి."

"రాజుగారి పేరు?" అన్నాడు గణేష్‌బాబు.

"అక్కడ రాయి పెచ్చు లేచిపోయిందండి. పడవవాడి పేరు ఒక్కటే శుభ్రంగా ఉంది."

"కులం?"

"రాయలేదండి."

"రాజధాని అని ఎక్కడుంది?" శివరామకృష్ణ అడిగాడు.

"ఎక్కడా లేదండి. రాజధానిలో ఉన్నవాళ్లు విడిది చేశామని ఎందుకు రాసుకుంటారండీ?"

హాలు ఒక్కసారి గోలెత్తింది. తెల్లారితే కొట్టుకునే రెండు ఊళ్లూ అప్పుడు మాత్రం ఒక్కటయ్యాయి. "అసలు మీ క్వాలిఫికేషన్ ఏంటండి?" అని గణేష్‌బాబు లేచాడు. వెనకనుంచి ఎవరో, "వీళ్లకి మన రాజుల సంగతి ఏం తెలుస్తుంది?" అన్నారు. శివరామకృష్ణ కుర్చీలోంచి కదలకుండానే, "ఏవయ్యా జీవరాజు, సరిగ్గా చూసి చెప్పు," అన్నాడు. రండి, కూర్చోండి అన్న నోరే.

ఇంటికొచ్చి జీవరాజు అన్నం ముట్టుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు చదివేను. నాకేమైనా ఆ కుందయ చుట్టమా?" అని అరిచాడు. "నామీద అరుస్తారేంటండీ?" అంది సంపూర్ణమ్మ.

ఆ తర్వాత ఒక ఆదివారం, ఆఫీసుకి సెలవున్న రోజు, ఎవరో రాయికి పసుపు పెయింటు వేసి, పెచ్చు లేచిన చోట తమకి కావలసిన రాజు పేరు రాశారు. పై ఆదివారం ఇంకెవరో దానిమీద ఎర్ర పెయింటుతో ఇంకో పేరు రాశారు. ఆ పెయింటు కిందికి కారి కుందయ పేరు గుంటల్లో గడ్డకట్టింది.

సోమవారం పొద్దున్నే జీవరాజు పెయింటు కరిగించే థిన్నరు సీసా, పాత ధోవతి ముక్క పట్టుకుని వెళ్లాడు. గోడవారగా పెట్టిన మోటారుసైకిళ్లు పక్కకి జరిపి, గొంతుక్కూర్చుని తుడవడం మొదలెట్టాడు. పైపూత వస్తోంది గానీ అక్షరాల్లోది రావడం లేదు. కుందయలో మొదటి అక్షరం దగ్గరే గంట పట్టింది. అంతలో యువజన సంఘంవాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తూ వచ్చారు. మధ్యాహ్నానికి ఆ వీడియో అన్ని ఫోన్లలోనూ తిరిగింది. రాజధాని శాసనాన్ని యాసిడ్‌తో చెరిపేస్తున్న వ్యక్తి అని దానికి పేరు పెట్టారు.

జీవరాజుని పోలీస్ స్టేషన్‌కి పిలిపించి బెంచీమీద నాలుగు గంటలు కూర్చోబెట్టారు. శివరామకృష్ణ వచ్చి పక్కనే కూర్చున్నాడు. "నేను మాట్లాడి పంపించేస్తాను. రాచలంక రాజధాని అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు. మన ఊరే కదా, నీకూ గౌరవమే."

"మన ఊరేనండి. కాని ఆ మాట రాయిమీద లేదండి."

"నీకేం పోయిందయ్యా?"

జీవరాజు గోళ్లలో ఇరుక్కున్న ఎర్ర పెయింటు గీక్కున్నాడు. శివరామకృష్ణ లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం సంపూర్ణమ్మ ఆటోలో వచ్చింది. చంకలో చుట్టిన నకలు. ఎస్సై బల్లమీద నిలువునా పరిచి, "ఇది పెయింటు వెయ్యకముందు తీసిందండి. ఈయన చెరిపేరో, వాళ్లు చెరిపేరో మీరే చూడండి," అంది. ఎస్సై వీడియోలోని రాయినీ నకలునీ పోల్చి చూశాడు. అక్షరం అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. "కేసేం లేదు గానీ, ఇంకోసారి ఆ రాయి జోలికి వెళ్లకండి," అని పంపేశాడు. పెయింటు వేసినవాళ్లని మాత్రం ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు రెండు ఊళ్ల మొదట్లోనూ సిమెంటు ఆర్చీలున్నాయి. రెండింటి మీదా ప్రాచీన రాజధానికి స్వాగతం అనే ఉంది. రాయిని జిల్లాలో ఒక ప్రదర్శనశాలకి తరలించారు. దాని పక్కన బోర్డుమీద 'రాజధాని శాసనం, రాజు పేరు పరిశీలనలో ఉంది' అని రాశారు. పడవవాడి ఊసు లేదు.

బోర్డుమీద కుందయ పేరు రాయమని జీవరాజు ఆరుసార్లు అర్జీ పెట్టాడు. నకలు జెరాక్సు జతచేశాడు. ఒక పత్రికకి వ్యాసం పంపితే, మీది ఏ విశ్వవిద్యాలయమో రాయండి అని ఉత్తరం వచ్చింది. పోయిన వారం ఏడో అర్జీ తీసుకుని ప్రదర్శనశాలకి వెళ్లాడు. అక్కడి అధికారి నెమ్మదిగానే మాట్లాడాడు. "చూడండి మాస్టారూ, రెండు ఊళ్లూ ఇప్పుడు సర్దుకున్నాయి. మళ్లీ మీరెందుకు కదుపుతారండీ?"

"నేను మాస్టార్ని కాదండి. నకళ్లు తీసేవాణ్ణి," అన్నాడు జీవరాజు. అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకునేదాకా అక్కడినుంచి కదల్లేదు.

ఇంటికి రాగానే, "ఇంక వదిలెయ్యండి. బీపీ పెరుగుతోంది," అంది సంపూర్ణమ్మ.

"కుందయకిచ్చిన నేల ఎప్పుడో పోయుంటుంది. పేరొక్కటే మిగిలింది సంపూర్ణా. అదీ ఉండనివ్వరా?" అని చెప్పులు విడవకుండానే అరుగుమీద కూలబడ్డాడు. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. కోపం ఇంకా దిగలేదు.