మిగిలిపోయిన స్ప్రింగు

నా చిన్నప్పుడు విప్పడంలో నా అంతటివాడు లేడు. అలారం గడియారం విప్పాను. గొడుగు విప్పాను, అంటే తెరవడం కాదు, ఊచలు ఊచలుగా. మా అమ్మ కుట్టుమిషను విప్పి, పది రోజులు ఆ వసారా ఛాయలకి వెళ్ళలేదు. చేతకానిదల్లా నోరు విప్పడమే. ఆ తెలివితక్కువతనం నన్నొకసారి కాలవ గట్టు దిగుడు దాకా తీసుకెళ్ళింది.

గుడివాడ దగ్గర మా పల్లెలో కారంటూ ఉన్నది మా మావయ్యకే. వయసులో అది నాకంటే పెద్దది కాబట్టి గౌరవంగానే చూసేవాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి పక్కింటి అక్క పెళ్ళి. చర్చి కాలవ అవతల. అక్కని కారులో తీసుకెళ్తానని మావయ్య మాటిచ్చాడు. వంతెన దాటాక బాట గట్టు మీంచి నిటారుగా దిగి, సరిగ్గా నీళ్ళ అంచున మలుపు తిరుగుతుంది. అక్కడ బ్రేకు పడకపోతే అక్కకి పెళ్ళి కాదు, రెండోసారి బాప్తిస్మం జరుగుతుంది.

పొద్దున్నే మావయ్య వెనక చక్రాలు రెండూ ఊడదీసి, ఇరుసు కింద మొద్దులు పెట్టి, ఎడమవైపు గిన్నెలాంటి బ్రేకు డ్రమ్ము లాగి చూపించాడు. లోపల అర్ధచంద్రాల్లాంటి రెండు ఇనప బద్దలు. బ్రేకు తొక్కితే అవి విచ్చుకుని, డ్రమ్ముని ఒరుసుకుని చక్రాన్ని ఆపుతాయి. వదిలితే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. ఆ బద్దల్ని షూలంటారట. నా కాళ్ళకి చెప్పుల్లేవు గాని ఆ కారు వెనక కాళ్ళకి నాలుగు షూలు! ఎడమవైపు ఒక స్ప్రింగు సాగిపోయింది. షూలు విప్పి గోనెపట్టా మీద పెట్టి, సాగిన స్ప్రింగు నమూనాకి జేబులో వేసుకుని, కొత్తదాని కోసం గుడివాడకి సైకిలెక్కుతూ మావయ్య ఒక్కటే చెప్పాడు: "కుడి చక్రం జోలికి పోకురా అల్లుడూ. దాన్ని చూసే దీన్ని బిగించాలి."

ఆయన తిరిగొచ్చేసరికి, సాయం చేద్దామన్న ఉత్సాహంలో, కుడివైపూ విప్పేశాను. నాలుగు షూలూ ఒకే కుప్ప. స్ప్రింగులన్నీ ఒకే కిరసనాయిలు డబ్బాలో. చూసి బిగించడానికి ఇక ఏదీ మిగల్లేదు.

మావయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తువ్వాలుతో మెడ తుడుచుకుని, "కలిపినవాడివి నువ్వే, విడదియ్యి" అని నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

గోడ మీంచి అక్క వాళ్ళమ్మ తొంగిచూసింది. "ఏం తమ్ముడూ, కారొస్తుందా, ఎడ్లబండికి కబురంపమంటావా?"

"వస్తుందక్కా. మా అల్లుడు బిగిస్తున్నాడు."

"అయితే బండికే కబురంపుతాలే!"

ఏ డ్రమ్ములో అరిగిన షూ మీద ఆ డ్రమ్ము గీతలే ఉంటాయని, స్ప్రింగు కొక్కెం ఒరిసిన చోట ఇనుము మెరుస్తుందని ఆ రోజే తెలిసింది. వేలితో తడిమి, వెలుగులో తిప్పి చూసి, ఏది దేని జతో పోల్చుకున్నాను. స్ప్రింగు లాగుతుంటే పట్టకారు రెండుసార్లు జారి బొటనవేలు తెగింది. మావయ్య ప్రతి కొక్కేన్నీ తడిమి చూసి, ఊఁ అన్నాకే డ్రమ్ము ఎక్కించాడు. చక్రాలు బిగించి, బండిని నేల మీదకి దించేసరికి రెండయింది.

డబ్బాలో మురికి కిరసనాయిలు పెరట్లో పారబోస్తుంటే అడుగున టంగుమంది. ఒక స్ప్రింగు!

 చెప్తే మళ్ళీ అంతా విప్పాలి. పెళ్ళివేళకి కారు సిద్ధం కాదు, అక్క ఎడ్లబండిలో వెళ్తుంది, ఊరంతా నా పేరే చెప్పుకుంటారు. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించకుండా దాన్ని నిక్కరు జేబులో వేసుకున్నాను.

"ఎక్కు" అన్నాడు మావయ్య, ముందు తలుపు తీసి. "బిగించినవాడు ఎక్కి చూడందే ఇంకెవరూ నా బండెక్కరు."

వీధిలో రెండుసార్లు బ్రేకు తొక్కాడు. రెండుసార్లూ ఆగింది. ఆగిందిగా అనుకున్నాను. "చదును నేల మీద ఎద్దుబండైనా ఆగుతుంది" అన్నాడు ఆయన, రోడ్డుతో మాట్లాడుతున్నట్టు. కారు వంతెనెక్కింది. జేబులో స్ప్రింగు తొడకి గుచ్చుకుంటోంది. వంతెన అవతలికి రాగానే కింద నీళ్ళు కనిపించాయి. నేను కూర్చున్న సీట్లో తెల్లచీర కట్టుకున్న అక్క కనిపించింది. ముందు చక్రాలు దిగుడు వైపు తిరిగాయి.

"మావయ్యా, ఆపు!"

ఆపాడు.  స్ప్రింగు తీసి అరచేతిలో చూపించాను.

ఆయన దాన్ని తీసుకుని తువ్వాలుతో తుడిచాడు. "ఒకటడిగితే కొట్టువాడు జత ఇచ్చాడు. రెండోది డబ్బాలో నేనే కావాలని వేశాను. నువ్వు బిగించింది సరిగ్గానే ఉంది." దిగుడు వైపు చూస్తూ అన్నాడు: "దిగుడు దాటాక చెప్పుంటే మళ్ళీ నా బండి ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు."

తర్వాత గట్టు దిగాం. మలుపు దగ్గర కారు బుద్ధిగా ఆగింది. నా ఏడుపే ఆగలేదు. మూడింటికి అక్క అదే కారులో పెళ్ళికి వెళ్ళింది. ఆ స్ప్రింగు మావయ్య నాకే ఇచ్చేశాడు.

ఏళ్ళు గడిచాయి. బందరులో నాకు ఉద్యోగం వచ్చింది, కూతురు పుట్టింది. నెరిసిన జుట్టుతో మావయ్య ఒక చెక్క ఉయ్యాలని ముక్కలుగా విప్పి బస్సులో తెచ్చాడు. చాప పరిచి బిగించడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం! ఆ ఉయ్యాల మరల్లాంటిదే ఇంకో మర మేకు చాప అంచు కింద దూర్చి, వరండాలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాను.

నేనింకా మొదటి వార్తలోనే ఉన్నాను. చుట్టాలందరి మధ్య నుంచి మావయ్య గొంతు గట్టిగా వినిపించింది. "అల్లుడూ, ఒక మర మిగిలింది. పాపని ఇందులో వెయ్యకండి. ఎక్కడో తప్పు చేశాను."

నాకు కాలవ గట్టు దాకా పట్టిన మాట, ఆయనకి గడప దాకా కూడా పట్టలేదు. ఇప్పటికీ ఏదైనా తప్పు చేసి దాచబోతే నా తొడకి ఏదో గుచ్చుకుంటుంది. వెంటనే చెప్పేస్తాను, దాదాపు ఎప్పుడూ.

ఆ రోజు మాత్రం, ఆ మర పెట్టింది నేనేనని ఒప్పుకోవడానికి, మావయ్య ఉయ్యాలని రెండోసారి పూర్తిగా విప్పి, బిగించేదాకా ఆగాను.