పూత పూయకూడని ముంత

మా మేస్త్రి జ్ఞాపకంగా నేను చేసిన మట్టి ముంతకు మా యజమాని పింగాణీ పూత పూయించాడు. మేస్త్రి పోయి ఇంకా నెల కాలేదు.

దవాఖాన నుంచి కబురు వచ్చినప్పుడు నా చేతులు మట్టిలో ఉన్నాయి. కడుక్కోవాలని తోచలేదు. చేస్తున్న కప్పుకు పిడి అతికించి, బల్ల మీద పెట్టి, అప్పుడు వెళ్లాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పూత పూస్తే ఏమైందని మీరు అడుగుతారు. అది చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా కార్ఖానా. కప్పులు, సాసర్లు, ఊరగాయ జాడీలు చేస్తాం. అవి ఆబిడ్స్‌లో యజమాని దుకాణానికి పోతాయి. రైలు వచ్చినప్పుడల్లా కార్ఖానా నేల వణుకుతుంది. అప్పుడు మేస్త్రి మట్టి మీంచి రెండు చేతులూ ఎత్తి ఊరికే కూర్చునేవాడు. కొత్తలో నేను ఆగకుండా లాగి ఒక జాడీ మూతి వంకర చేశాను. "దానికి తొందరున్నది, పోనియ్యి. నువ్వేడికి పోవాల్నర, బెజవాడకా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన ఇల్లాలు పోయినప్పుడు ఎర్రమట్టితో చిన్న ముంత చేశాడు. లోపలా బయటా పూత లేదు. పొద్దున రాగానే దాన్ని నీళ్లతో నింపి కిటికీ పక్క చెక్క మీద పెట్టేవాడు. సాయంత్రానికి ముంత ఒళ్లంతా చెమ్మ, కింద చెక్క మీద గుండ్రంగా తడి.

"పూత మరిచినవా మేస్త్రీ, ముసలోనివైనవా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

"మరువలే బిడ్డా. పూత పెడితే నీళ్లు లోపల్నే ఉంటయి. నాకు బయటికి రావాలె. జర జర వచ్చినా సాలు."

ఆమె గురించి ఆయన అంతకు మించి మాట్లాడగా నేను వినలేదు. అప్పటి నుంచి మాలో ఎవరింట్లో ఎవరు పోయినా ఒక ముంత చేసి ఇచ్చేవాడు. మా అమ్మ పోయినప్పుడు నా చేతిలోనూ పెట్టాడు. "నింపుతనే ఉండు. ఏడ్వాలెనని ఏం లేదు" అన్నాడు.

ఆయన ముంతను ఆయన పాడె మీదే పెట్టి పంపాం. తర్వాత ఆయన కోసం నేనొకటి చేశాను. కాల్చి, అదే చెక్క మీద పెట్టాను. మర్నాటికి లేదు.

యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని అనను. "ఆయన పేరున చేశావు కదయ్యా, పూత మర్చిపోయినట్టున్నావు. నీలం వేయించాను. కొట్లో అద్దాల బీరువాలో పెట్టించాను, నలుగురూ చూస్తారు" అన్నాడు.

"జర మమ్ముల అడగాలె గద సార్."

"ఎంత అందంగా ఉందో వెళ్లి చూడవయ్యా ముందు."

వెళ్లి చూశాను. అందంగానే ఉంది. గుమాస్తాను అడిగి నీళ్లు పోశాను. దుకాణం మూసే వేళ దాకా నిలబడి, అడుగున వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.

నేనిది రాస్తున్న ఈ పత్రిక ఆ దుకాణానికీ పోతుంది. అందుకే ఇక్కడే అడుగుతున్నాను. సార్, ఆ నీలం ముంత మాకొద్దు, మీరే ఉంచుకోండి. బీరువాలోంచి మాత్రం తీయించండి. ఇంకొకటి చేశాను. అది ఈసారి బట్టీలో కాలాలి. దానికి ఎవరూ పూత పూయకూడదు. వచ్చే వారం మేస్త్రి మాసికం. శనివారం మీ దుకాణం సరుకుకు బట్టీ ముట్టించాలి, ముట్టించేది నేనే. ఆలోపు మీ నోటితో ఔనని చెప్పండి. చెప్పకపోతే ముట్టించను.

పచ్చి ముంత కిటికీ పక్క చెక్క మీద ఆరుతోంది. పాత తడి మచ్చ మీద సరిగ్గా కూర్చుంది. ఇప్పుడు నీళ్లు పోస్తే కరిగిపోతుంది. రైలు వచ్చినప్పుడల్లా పోయి దాన్ని చేత్తో పట్టుకుంటున్నాను. శనివారం దాకా పట్టుకుంటాను.