పదో బస్తాకు అందనివాళ్ళు

మా వీధిలో ఇంటర్నెట్ ఎవరూ వాడడం లేదనీ, కనెక్షన్ పెట్టె తీసేస్తామనీ కబురొచ్చింది. పక్కింటి అమ్మాయి కువైట్‌లో ఉన్న మొగుడితో రోజూ మాట్లాడేది దాని మీదే. ఒళ్ళుమండి రాజోలులోని ఇంటర్నెట్ ఆఫీసుకు వెళ్ళాను.

అక్కడి ఇంజనీరమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "రౌటరు చిన్నదండి బాబాయిగారూ. దాని గుండా వెళ్ళే డేటాలో ప్రతి ముక్కా ఏ వీధిదో లెక్కపెడితే అసలు పని ఆగిపోద్దండి. అందుకని వెయ్యింటికొకటి చూస్తాది."

"అంటే మేం ఆ మిగతా తొమ్మిదొందల తొంభైతొమ్మిదిలో ఉన్నామన్నమాట."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వయసులో నేను ధాన్యం మిల్లులో బస్తాలు మోశాను. ప్రతి పదో బస్తాకూ ఇనుప గొట్టం గుచ్చి గింజ చూసేవారు. నాలుగు బస్తాలు తెచ్చిన కౌలురైతుకు ఆ వంతు వచ్చేదే కాదు. చూడని ధాన్యం కనక అతని మంచి గింజ కూడా నాసిరకంలో కలిసిపోయేది. చివరికి మిల్లు గుమాస్తాగారే, తక్కువ తెచ్చినవాడి దగ్గర ఒక్క బస్తా అయినా చూడడం మొదలుపెట్టారు.

అదంతా చెప్పి అడిగాను. "మా వీధి తీగ మీద రద్దీ లేదు కదమ్మా. అక్కడ పదింటికొకటి చూస్తే రౌటరుకేం బరువు?"

"ఆయ్, బరువేం ఉండదండి. మాకే తట్టాల్సిందండి."

వారానికి ఫోన్ చేసింది. మా వీధిలో నెట్ వాడే ఇళ్ళు పదకొండు కనబడ్డాయట. పెట్టె తీయరు. అడిగేదాకా చూడని ఆఫీసు మీద నాకింకా కోపమే. ఆ పిల్ల మీద మాత్రం లేదు.