చెవుల్లేని కప్పులు

అరవై ఏళ్ల స్నేహం. ఒక్కసారి కూడా రాజేశం అన్న మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.

ఎందుకని ఆయన మొహం మీదే అడగాలనుకున్నాను.

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. "ఓదెలు తాతా, హోటల్ రాజేశం పోయిండు."

ఇంక ఎవరిని అడగాలి?

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. నేను చెప్తుంటే మనవరాలు మన ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మార్చొద్దన్నాను.

కొత్తవాళ్లకు తెలియదు. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో హుస్నాబాద్ అంగడి దగ్గర రాజేశం హోటల్ పెట్టాడు. చాయ, ఉడికించిన శనగ గుడాలు, మిర్చి బజ్జీలు.

లోపల బెంచీల మీద కూర్చునేవాళ్లకు మంచి కప్పులు. మా వాడ వాళ్లం అంటరానివాళ్లం కదా, మాకు బయట. చూరు కింద చెక్క మీద బోర్లించిన చెవులు విరిగిన కప్పులు. మేమే తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, కడిగి మళ్లీ బోర్లించాలి. ఊళ్లో అన్ని హోటళ్లలోనూ అదే.

ఒక అంగడి రోజు. హోటల్ ఫుల్. నేను చూరు కింద ఉన్నాను.

రాజేశం బయటికి వచ్చి మా కప్పులన్నీ ఎత్తుకుపోయి లోపలి బకెట్లో వేశాడు. తర్వాత బొగ్గులు పగలగొట్టే సుత్తె తీసుకుని లోపలి కప్పుల చెవులన్నీ కొట్టేసి, అదే బకెట్లో కలిపేశాడు.

గుడాలు నములుతున్న నోళ్లు ఆగిపోయాయి.

"ఇగ ఏది ఎవ్వలిదో మీరే ఏరుకోర్రి" అన్నాడు.

ఒక పెద్ద రైతు కండువా దులిపి లేచాడు. "రాజేశం, హోటల్ నడుపుకునే సోయి ఉన్నదా నీకు?"

"నడువకుంటే బంద్ పెడ్త పటేలా. మిర్చి మాత్రం నీకు గింత మంచిగ యాడ దొరుకది. జర ఆలోచన జేసుకో."

పటేలు కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"ఓదెలూ, లోపట్కి రా. కూసో."

వాకిట్లో ఆనించిన రైతుల చేతికర్రలు కనిపిస్తున్నాయి. అయినా పోయి కూర్చున్నాను. పక్కనున్నవాడు లేచిపోయాడు. ఆ జాగాలో రాజేశమే వచ్చి కూర్చున్నాడు. చెవి లేని కప్పులో చాయ పోసుకుని, వేళ్లు కాలి, ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటున్నాడు.

"గింత కాలుతున్నది, ఇన్నేండ్లు ఎట్ల తాగిన్రురా?"

"ఊదుకుంట తాగినం సేటు."

"సేటు గీటు బంద్ జెయ్. అన్న అను."

చాలా రోజులు హోటల్ ఖాళీగా ఉంది. తర్వాత మిర్చి వాసనకు ఒక్కొక్కరే వచ్చారు. సాలెవాళ్లు, బండ్లవాళ్లు, ఆఖరికి ఆ పటేలు. మా పక్కనే కూర్చున్నారు. ఈ ఊరు ఒక బెంచీ మీద కూర్చోవడం అక్కడే నేర్చుకుంది.

అదే మనిషి నా పెళ్లికి వచ్చి, మంచం మీద కూర్చుని, కంచం ముందు పెడితే "కడుపు నిండింది ఓదెలూ" అన్నాడు.

నా కొడుకు పెళ్లికీ అదే మాట. మొన్న దసరాకూ అదే.

ఇంట్లోవాళ్లకు భయపడ్డాడా? కప్పుల దాకేనా ఆయన ధైర్యం? దేబిరించి అడిగే అలవాటు నాకు లేదు.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. కావలసినవాళ్లు వండి తెస్తారు. నిన్న కాష్టం దగ్గర ఆయన కొడుకు రమేశ్‌తో అన్నాను, "మూడో నాటి అన్నం మా ఇంట్లకెళ్లి తెస్త బిడ్డా."

"ఎందుకు కాకా నీకు తక్లీఫ్. జూద్దాం తియ్" అన్నాడు, ఇంకో దిక్కు చూస్తూ.

చూద్దాం అనేది జవాబు కాదు.

రమేశ్, ఈ పోస్ట్ నువ్వు చూస్తావు. మూడో రోజు రేపే, గురువారం. మా కోడలు పొద్దున్నే బియ్యం కడుగుతుంది. మీ ఇంటిల్లిపాదీ కూర్చుని తింటారా, తినరా? గురువారం మేం ఎసరు పెట్టే లోపు చెప్పు. తినం అంటే తినం అని చెప్పు, తట్టుకుంటాను.

కడుపు నిండిందని మాత్రం అనకు.

రాజేశం అన్నా, పోయి రా. ఇక నీ చేతులు కాలవు. చల్లగా ఉండు.