నానమ్మ మంచం కోళ్లతో చేపల తొట్టికి స్టాండు

మా చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే నాయిన మా నానమ్మ మంచాన్ని విప్పదీశాడు... నులక ఒక పక్క, పట్టెలు ఒక పక్క, నగిషీ చెక్కిన నాలుగు కోళ్లు ఇంకో పక్క. నానమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. అమ్మ గడపలో నిలబడి "బంగారమసొంటి మంచం... చాపలకా" అని నెత్తి కొట్టుకుంది.

మాది భూపాలపల్లి. తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్న రోజులు. నాకు బడి లేదు, నాయినకు డ్యూటీ లేదు. సమ్మెకు ముందే ఎదురింటివాళ్లు ఊరు మారుతూ వాళ్ల అక్వేరియం, అందులోని నాలుగు ఎర్ర చేపలు నాకు ఇచ్చిపోయారు. నేల మీద ఉంచితే పిల్లి భయం. అందుకే స్టాండు.

నాయిన బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, టింబర్ పని చేసేవాడు. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. చేతికి పని లేకపోతే ఆయనకు అన్నం సహించదు. నాలుగు రోజులు ఆ కట్టెతోనే గడిపాడు. పట్టెలు కోసి చట్రం బిగించాడు, మంచం కోళ్లనే కాళ్లుగా పెట్టాడు. చుట్టూ పలకలు కొట్టి ఉలితో పూలతీగ చెక్కాడు, మధ్యలో ఒక చేప... అది అచ్చం వంకాయలా వచ్చింది. నేను నవ్వితే ఆయనా నవ్వాడు.

"గింత కష్టం ఎందుకు నాయినా" అని అడిగాను.

"బాయిల నేను నిలవెట్టిన దుంగను ఎవలు సూస్తరు బిడ్డా... అంత చీకటే. గిదన్న నలుగురు సూడాలె."

తొట్టి పెట్టేముందు, బాయిలో దుంగలకు చేసినట్టే, లోపల గుల్లబారిందేమోనని కర్రతో నాలుగు కాళ్లనూ తట్టి చెవి పెట్టి విన్నాడు. నీళ్లు పోశాం, లైటు వేశాం. వాడంతా వచ్చి చూసింది... ఆ సాయంత్రం మా ఇంట్లో పండగే.

రెండు రోజులకే కరెంటు పోవడం మొదలైంది. బొగ్గు తియ్యకపోతే కరెంటు ఎక్కడిది... తొట్టి నీళ్లలోకి గాలి ఊదే మోటారు ఆగిపోయేది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. గాలి కలుస్తుందని నేను లోటాతో నీళ్లు ముంచి, ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోసేదాన్ని. చెయ్యి లాగేసేది. ఒకటి చచ్చింది. మర్నాడు ఇంకో రెండు. మిగిలిన ఒక్కదాన్ని చూస్తుంటే నాకే ఊపిరాడలేదు...

సమ్మె టెంటు దగ్గరికి పరుగెత్తాను. నాయిన తోటి కార్మికుల మధ్య కూర్చుని ఉన్నాడు. అందరి ముందూ ఏడుస్తూ అనేశాను.

"నాయినా, నువ్వు బాయికి పో. బొగ్గు తీస్తే కరెంటు వస్తది."

టెంటులో అందరూ నాయిన వైపు తిరిగారు. నాయిన తల దించుకున్నాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిట్టలేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాడు. దారిలో మెల్లగా అన్నాడు... "నేనొక్కణ్ణి పోతే కరెంటు రాదు బిడ్డా. అందరం పోతే, గిన్ని దినాలు కూసున్నది వట్టిదే అయితది."

ఇంటికొచ్చి లోటా అందుకున్నాడు. పోస్తూనే ఉన్నాడు... కుడి చెయ్యి నొస్తే ఎడమ చెయ్యి. అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. చేప వెల్లకిలా తేలింది. నేను చూస్తున్నానని కాబోలు, అప్పుడు కూడా ఆపలేదు. చివరికి అమ్మే లోటా లాక్కుంది.

మళ్లీ చేపలు తేలేదు. రాష్ట్రం వచ్చిన రోజు నాయిన ఒళ్లంతా గులాలుతో ఇంటికొచ్చాడు. అమ్మ చేతిలో మిఠాయి పెట్టి, నేరుగా ఆ ఖాళీ స్టాండు దగ్గరికి పోయి, వేలి కణుపులతో తట్టి విన్నాడు. "గట్టిగనే ఉన్నది" అన్నాడు.

ఇప్పుడు నాయిన లేడు. స్టాండు జనగామలో మా ఇంట్లో ఉంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది, బజార్లో రంగురంగుల చేపలున్నాయి... తొట్టి మాత్రం కొనలేకపోతున్నాను. టెంటులో అన్న మాటకు నాయినను ఒక్కసారి క్షమించమని అడిగి ఉంటే, కొనేదాన్నేమో.

ఆ సమ్మె రోజుల్లో మీరూ పిల్లలేనా... మీ నాయినతో ఏమన్నారో, ఏం అనలేకపోయారో కింద రాయండి. అన్నీ చదువుతాను.