తువ్వాళ్ల కోసం కొన్న వేడి కడ్డీ

ఈ ముసురుకి తువ్వాళ్లు ఆరక చెమ్మవాసన వేస్తున్నాయని, కరెంటుతో వేడెక్కే టవల్ రాడ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. బాత్రూంలో పాత రాడ్ తీసి దాన్ని బిగించడానికి పొద్దున ఎలక్ట్రీషియన్ సత్తిబాబు గారు వచ్చారు. అప్పుడే మా అత్తగారు సగం ఆరిన మడిచీర కట్టుకుని పూజకి వెళ్తున్నారు.

ఆయన ఆవిడని చూసి, "మామ్మగారి మడిచీర ఆరడానికాండీ? మంచి పని చేశారండీ," అన్నారు.

"అవునండీ," అనేశాను.

అత్తగారి మొహం విప్పారింది. "నా కోసమా! అయితే బాత్రూంలో వద్దు బాబూ, మడి నిలవదు. నా గదిలో బిగించు. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

సత్తిబాబు గారు అలాగే బిగించి వెళ్లారు. సాయంత్రం ఆవిడ నరసాపురంలో ఉన్న చెల్లెలికి ఫోన్‌లో చెబుతున్నారు: "పన్నెండేళ్లుగా వానాకాలమంతా తడిచీరతోనే పూజ చేస్తున్నానే. ఒక్కనాడూ నోరు విప్పి అడగలేదు. అయినా కోడలు కనిపెట్టింది."

నేను తలెత్తుకోలేకపోయాను. మీరైతే ఆవిడకి నిజం చెబుతారా? పన్నెండేళ్లూ నేనూ ఈ ఇంట్లోనే ఉన్నాను. నా ముక్కుకి తగిలింది తువ్వాళ్ల వాసనొక్కటే.